హాజిరా చెప్పిన చాంద్

"ఎప్పుడు పోవాలె?"

ఏడాదికి రెండుసార్లు జహూర్ భార్యను ఈ మాట అడిగేవాడు. ఎక్కడికి అన్నది ఇంట్లో అందరికీ తెలుసు. సంగారెడ్డిలో బస్సెక్కి, నాంపల్లిలో రైలెక్కి, బెజవాడలో బండి మారితే బందరు. అక్కడ ఉప్పుకాలువ సముద్రంలో కలిసే చోట నిలబడి గాలం వెయ్యడానికి పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. సంగారెడ్డి బజారులో గిన్నెలకు కళాయి పూసుకుని బతికే మనిషికి ఇది మోయలేని షోకే. దసరాకు హిందువుల ఇళ్ల గిన్నెలు, రంజానుకు తురకల ఇళ్ల గిన్నెలు. ఆ రెండు రద్దీల మధ్య కొలిమి చల్లబడ్డప్పుడు అతనికి చేతులు ఊరుకునేవి కావు.

హాజిరా వెంటనే జవాబు చెప్పేది కాదు. వాకిట్లోకి వచ్చి, నాలుగు గోడల పైన మిగిలిన ఆకాశాన్ని కాసేపు చూసేది.

ఆమె పుట్టింది బందరులో. తండ్రి పడవలకు తారు పూసేవాడు. పన్నెండేళ్లు వచ్చి పరదాలో కూర్చోబెట్టే దాకా ఆమె పగళ్లన్నీ బోర్లించిన పడవల నీడలో గడిచాయి. అమావాస్యకూ పున్నమికీ నీళ్లు ఎట్లా ఉబ్బి కాలువలోకి ఎక్కుతాయో, ఆ పోటు వెంట పండుగప్ప చేప ఎట్లా వస్తుందో, సగం చంద్రుడి రోజుల్లో అదే నీరు ఎక్కకా దిగకా ఎట్లా బద్ధకంగా పడుకుంటుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చూసింది, అంతే. పదిహేనో ఏట సంగారెడ్డికి కోడలై వచ్చింది. పిల్లలు నిలవలేదు. తండ్రి పోయిన కబురు నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన కూడా అయిపోయాక అందింది. పదకొండేళ్లలో ఆమె ఒక్కసారీ బందరు వెళ్లలేదు.

పెళ్లయిన మరుసటేడు అత్తవారింటికి వెళ్లిన జహూర్ చేయంత పండుగప్పను పట్టాడు. అప్పటినుంచి అతను ఆ ఒడ్డు మనిషి. తర్వాత రెండుసార్లు తన తీరిక చూసుకుని వెళ్లి, వరద నీళ్లలో ఉత్త గాలం ముంచి వచ్చాడు. మూడోసారి హాజిరా చెప్పిన రోజుకు వెళ్లాడు. ఉప్పు పట్టించిన చేపలు రెండు డబ్బాలు తెచ్చాడు. అప్పటినుంచి అడగకుండా కదలలేదు.

సముద్రపు రుతువులను ఆమె ఈ వాకిట్లోంచే చదివేది. ముస్లిం నెలలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి, చేపలు జరగవు. అందుకని రోజు కోసం నెలవంక కనపడిన నాటినుంచి లెక్కపెట్టే చాంద్‌ను నమ్మేది, కాలం కోసం ముత్యమ్మ గంపను నమ్మేది. ముత్యమ్మది వెనక గోడ అవతలి ఇల్లు, కూరగాయలమ్ముతుంది. ఆ గంపలో హత్నూర సీతాఫలాలు కనపడితే కృష్ణ ఎర్రనీళ్లు తగ్గి కాలువ సముద్రంలో కలిసే మొగ తేరుకుంటున్నట్టు. ఆపైన తుఫాన్ల రోజులు, ఎవరూ కదలకూడదు. పచ్చజొన్న కంకులొస్తే గాలి నెమ్మదించినట్టు, నీళ్ల అడుగు కనపడుతున్నట్టు. వేపపూత రాలితే దక్షిణపు గాలి లేస్తుంది, ఇక గాలం చుట్టిపెట్టాల్సిందే.

పందొమ్మిది వందల యాభై నాలుగు చలికాలంలో ముత్యమ్మ గోడ మీదుగా కంకులందించింది.

"హాజిరమ్మా, పాలు గారుతున్నయ్ సూడు. మీ ఆయినె ఇగ మూట గడుతడు."

"కడ్తరు అక్కా."

"ఎప్పుడు జూసినా పంపుడేనా? నువ్వు గూడ ఒక్కసారి పోరాదు? గా సముద్రమేమన్న మింగుతదా నిన్ను?"

"అమ్మీని ఎవరు లేపుతరు?"

అమ్మీ అంటే అత్త బేగంబీ. తుంటి విరిగి నాలుగేళ్లుగా మంచం మీదే ఉంది.

"నేను లేనా? రెండు పూటలొచ్చి లేపి కూసోబెడ్త. మా బర్రె పడుకుంటే నేనే గద లేపేది."

లోపలినుంచి గొంతు వచ్చింది. "బర్రెతోని జత గడుతున్నవా ముత్యమ్మా? నా తుంటి ఇరిగింది, చెవులు ఇరగలే."

ముత్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హాజిరా నవ్వలేదు. 'రెండు పూటలొచ్చి' అన్న మాట ఆమె లోపల ఎక్కడో దీపంలా నిలబడింది.

సాయంత్రం జహూర్ అడగగానే చెప్పింది. "ఈసారి నేను గూడ వస్త. అమ్మీని ముత్యమ్మక్క చూస్తనంది."

అతను ఆశ్చర్యంగా చూశాడు. అతను చెడ్డవాడు కాదు. గొంతు పెంచడం తెలియదు.

"నీకెందుకు పరేషాను? బస్సులు, రైళ్లు, జనం. నువ్వు ఈడ కూసోనే అంత జూస్తవ్ గద. ఒడ్డు మీద నిలబడ్డ నాకు కనపడంది నీకు కనపడ్తది. నీసొంటి మనిషికి పోవుడెందుకు?"

మెప్పుగానే అన్నాడు. ఆ మెప్పు తలుపుకు గడియలా పడింది. అంత బాగా తెలియకపోయి ఉంటే, ఎప్పుడో ఒకసారి చూడనిచ్చేవాడేమో.

"సరే గని, ఎప్పుడు పోవాలె?"

హాజిరా ఆకాశం వైపు చూడలేదు.

"ఎనిమిదో చాంద్ నాటికి నీళ్లకాడ ఉండుండ్రి."

పద్నాలుగు అనాల్సింది. ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. అతను ఉత్త చేతులతో వస్తే చెప్పాల్సిన మాట కూడా సిద్ధంగా ఉంది: ఇంత దూరంనుంచి నా లెక్క తప్పుతోంది, ఒక్కసారి నీళ్లు చూస్తే గాని సరికాదు. రొట్టెలు చేసి మూట కడుతున్నంతసేపూ ఆ మాటనే పెదవుల మధ్య నమిలింది.

ఎనిమిదో చాంద్ నాటి మధ్యాహ్నం వాకిలి మీదికి సగం చంద్రుడు తెల్లగా వచ్చాడు. ఆ వేళకు కాలువలో నీరు మోకాలి దగ్గర ఆగి ఉంటుంది. గాలపు తాడు వదులుగా వేలాడుతుంటుంది. అతను ఎర సర్దుకుని మళ్లీ వేస్తాడు. ఆమెకు అన్నీ కనపడుతున్నాయి. అన్నీ కనపడడమే ఆ రోజు భరించలేకపోయింది.

ఐదో రోజుకు జహూర్ వచ్చాడు. సంచీ తేలిగ్గా ఉంది.

"ఏం తెచ్చినవ్ రా?" బేగంబీ అడిగింది.

"నవ్వులు తెచ్చిన." మంచం పట్టె మీద కూర్చున్నాడు. "ఒక ముసలి పడవాయినె నా దగ్గరికొచ్చి, 'సగం చంద్రుడప్పుడు గాలమేస్తావేంటయ్యా, ఎవరు రమ్మన్నారు నిన్ను?' అన్నడు. మా ఇంటామె అన్న. ఇగ సూడు, ఒడ్డు మీద ఉన్నోళ్లంత ఒకటే నవ్వుడు. పున్నమి దాక ఉందునా అంటే పెండ్లివాళ్ల వంట దేగిశాలకు కళాయి ఒప్పుకొనుంటి."

హాజిరా సిద్ధం చేసుకున్న మాట అన్నది.

అతను తలెత్తి చాలా మెత్తగా చూశాడు. "ఇగ వద్దులే. పదకొండేండ్లాయె, మర్సిపోయినవ్. నీ తప్పు గాదు. ఇద్దరం పోయి నవ్వించుకునుడెందుకు? గాలం గూడ గా పడవాయినెకే ఇచ్చేసి వచ్చిన."

ఆ తర్వాత అతను శుక్రవారాలు నమాజు చేసుకుని వెదురు కర్రతో మహబూబ్‌సాగర్ గట్టున కూర్చునేవాడు. చెరువుకు పోటు లేదు, చాంద్‌తో పని లేదు. ఏ రోజైనా ఒకటే. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

నెల గడిచింది. బందరు మాట ఇంట్లో వినపడటం మానేసింది. మతిమరుపు మనిషి అన్న పేరును హాజిరా నెలరోజులు మోసింది. ఆ పేరు పోవాలంటే అబద్ధాలకోరునని తన నోటితోనే చెప్పుకోవాలి.

ఒక శుక్రవారం అతను మూడు చిన్న పరక చేపలు తెచ్చి గిన్నెలో వేశాడు. ఆమె గిన్నె అందుకోలేదు.

"నేను మర్సిపోలే. తెలిసే తప్పు జెప్పిన. ఉత్తగ వస్తే నన్ను తీస్కపోతరనుకున్న."

జహూర్ ఆమె ముఖంలోకి పరీక్షగా చూశాడు. తర్వాత నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, పసిపిల్లను చూసి నవ్వే నవ్వు.

"నువ్వా? అబద్ధమా? ఊకో హాజిరా. మర్సిపోతే సిగ్గేముంది? నేను మా అబ్బా మొకమే మర్సిపోయిన."

"నిజం జెప్తున్న. ఇంకో నాలుగు రోజులకు నీళ్లు లేస్తయ్..."

"సరేలే, సరేలే. జెర ఉప్పు తక్కువెయ్." భుజం మీద తువ్వాలేసుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

వాకిట్లో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. బేగంబీ మంచం మీదినుంచి పిలిచింది.

"బహూ. నేను నమ్మిన."

హాజిరా గడప మీదే ఆగింది.

"ఎనిమిదో చాంద్ అన్ననాడే నాకు తెలిసింది. ఇన్నేండ్లు పద్నాలుగో, అమాసో అనేదానివి. ఎనిమిదంటుంటే నీ మొకం నేను జూసిన."

"అయితే మీరు చెప్పుండ్రి అమ్మీ. మీ మాట ఇంటరు. ముత్యమ్మక్క రెండు పూటలొస్తనంది. పదే పది రోజులు."

ముసలామె ముఖం ఇంటి కప్పు వైపు తిప్పుకుంది.

"నేను జెప్ప," అంది. "గా నీళ్లకాడికి ఒక్కసారి పోయినంక నువ్వు మల్ల ఈ వాకిట్లకు వస్తవన్న నమ్మకం నాకు లేదు బిడ్డా. నా మీద కోపం జెయ్యకు. నడుము పట్టుకపోయింది, జెర లేపు."

హాజిరా వంగి ఆమె వీపు కిందికి చెయ్యి పోనిచ్చింది. లేపుతుంటే బేగంబీ రెండు చేతులూ వచ్చి కోడలి మెడ వెనక గట్టిగా ముడిపడ్డాయి.