జేబు లోపలి పట్టు

డెబ్బైల చివర్లో, మఫ్రఖ్ నుంచి అబుదాబి వెళ్లే బస్సులో నా పక్కన నెల్లూరు దర్జీ ఒకాయన కూర్చున్నాడు. కిటికీ అవతల ఇసుక పొగమంచులా కదులుతోంది. ఆయన ఒళ్లో ఉన్న కోటు జేబుకి లోపల పట్టుగుడ్డ కుడుతున్నాడు.

"లోపల ఎవరికి కనబడతది చాచా?" అన్నాను. నేను గోడలకు ప్లాస్టరింగ్ చేసేవాణ్ణి. అల్మారా వెనక్కి పోయే గోడను కూడా నున్నగా చేస్తున్నానని ముదీర్, అంటే మా మేనేజరు, ఆరోజే తిట్టాడు.

"ఇటలీలో ఒక దొర దగ్గర కుట్టేవాణ్ణి తమ్ముడూ. పెద్ద జమీందారీ వంశం. సినిమాలు తీసేవాడు, పాటల నాటకాలు ఆడించేవాడు. వేషగాడి జేబులో కూడా అసలు పట్టే ఉండాలనేవాడు. కెమెరాకి కనపడదు సాబ్ అంటే, చెయ్యి పెట్టినవాడికి తెలుస్తుందిగా అనేవాడు. కాలూ చెయ్యీ పడిపోయాక కూడా, కుర్చీలో కూర్చుని జేబులు తడిమి చూసేవాడు. ఆయన పోయాక ఇటొచ్చేశా."

కోటు నావైపు జరిపాడు. సిమెంటుకు పగిలిన నా వేళ్లు ఆ జేబులోకి వెళ్లాయి. లోపల చల్లగా, ఎవరిదో పాత మహల్లో నడుస్తున్నట్టుంది. నా స్టాపు దాటిపోయింది.

మర్నాడు అల్మారా వెనక గోడను మళ్లీ నున్నగా తీర్చాను. "ఖలాస్, చాలింక! ఇది ఎవడు చూస్తాడు?" అని ముదీర్ హిందీలో అరిచాడు. నేను తాపీ కింద పెట్టి, అతని చెయ్యి పట్టుకుని గోడకు ఆనించాను.

అతను చెయ్యి వెంటనే తీయలేదు.