తొట్టెల కట్టిన బడి

భైంసా అవతల ఓ నల్లరేగడి ఊరికి నన్ను బదిలీ చేశారు. అక్కడ సగం మాట మరాఠీ. పెళ్ళికాని పంతులమ్మతో మాట్లాడాలంటే మగవాళ్ళకు బెరుకు, ఆడవాళ్ళకు తీరిక లేదు. బడి వదిలాక పలకరించే దిక్కుండేది కాదు. ఒక్కోసారి గోడమీది బల్లితో మాట్లాడేదాన్ని. అదీ బదులిచ్చేది కాదు.

నాలుగో తరగతిలో ఒక్క ఆడపిల్లే మిగిలింది. చంకలో తమ్ముడితో గుమ్మం బయట నిలబడి పాఠం వినేది. పసిపిల్లలతో లోపలికి రావద్దని పెద్దపంతులు ఆజ్ఞ. నాకు ఒళ్ళు మండి, నా పాత చీరతో దూలానికి తొట్టెల కట్టి పిల్లవాణ్ణి అందులో పడుకోబెట్టాను. ఆయన ముఖం మాడ్చుకుని తిరిగాడు. తిరగనీ అనుకున్నాను.

ఆ పిల్ల లెక్కలు చేస్తుంటే తమ్ముణ్ణి నేను ఆడించేదాన్ని. నా వేలు పట్టించి నడక నేర్పాను. వాడు వేలు వదిలి సొంతంగా అడుగులు వేసిన రోజు, ఆ ఊరొచ్చాక మొదటిసారి గట్టిగా నవ్వాను. తల్లికి చూపిస్తానని అక్క వాణ్ణి ఎత్తుకుని ఇంటికి పరుగెత్తింది.

మర్నాటి నుంచి బడికి రాలేదు. వెతుక్కుంటూ పత్తిచేనుకు వెళ్ళాను. పిల్ల తన తల్లి పక్క సాలులోనే వంగి పత్తి ఏరుతోంది.

"పోరడు నడుస్తుండు గదా పంతులమ్మా. ఇగ వాణ్ణి ఎత్తుకునే పని లేదు. పోరి నాతోని పత్తేరుతది" అంది తల్లి.

"ఐదు పాసైతే నిర్మల్ హాస్టల్ల చేర్పిస్త. అప్పటిదాంక పంపవ్వా."

"నేను సదువుకని పంపిన్నా? పోరడు నీడపట్టున ఉంటడని పంపిన."

పిల్ల తలెత్తలేదు. వాడికి నడక నేర్పిన నన్ను నేనే తిట్టుకుంటూ దారంతా ఏడ్చాను.

ఆ చలికాలంలోనే తల్లి మళ్ళీ కడుపుతో ఉందని తెలిసింది. ఎముకల గూడులా ఉన్న మనిషికి ఇంకో కాన్పు. అయినా నాకు సంతోషం కలిగింది. ఆ మాట చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు.

ఎండాకాలం సెలవుల తర్వాత పిల్ల చంకలో చెల్లెలితో వచ్చింది. ఐదో తరగతిలో కూర్చోబెట్టాను. ఈసారి నాకు ఒకటే భయం. పరీక్షలు దగ్గరపడే వేళకు పాప గోడ పట్టుకుని నిలబడటం మొదలుపెట్టింది. లేచినప్పుడల్లా ఎత్తుకునేదాన్ని.

"గీ పోరి ఇంక నడుస్తలేదేంది పంతులమ్మా? కాళ్ళల్ల సత్తువ లేదా?" అని తల్లి పరేషాన్ అయ్యింది.

"జర నిదానంగ నడుస్తది తియ్యి" అన్నాను, ఆమె ముఖం చూడకుండా.

పిల్ల పాసైంది. హాస్టల్లో తిండి పెడతారంటే తండ్రి ఒప్పుకుని బండి కట్టాడు. బండి కదిలాక చంకలోని పాపను నేలమీద దించాను. నా కొంగు వదిలి, తూలుతూ తల్లి దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది.

తల్లి పొంగిపోయి దాన్ని ఎత్తుకుంది. "ఇగ దీన్ని మోసే తిప్పల తప్పింది నీకు" అంది.