కొండ పగులు చూపిన పాత లెన్స్

2009 వేసవి మొదట్లో మా కన్సల్టెంటు సంస్థ నన్ను ఒమాన్ రాజధాని మస్కట్‌లోని ఆఫీసు నుంచి అల్ అమెరాత్ ఊరి అవతల సాగుతున్న ఒక కొండ రోడ్డు పనికి మార్చింది. హోదా ఇంజనీరింగ్ జియాలజిస్టు. రోడ్డు కోసం కొండను కోస్తారు కదా, ఆ కోసిన ముఖం నిలబడుతుందా, జారుతుందా అన్నది చూసి చెప్పడం నా ఉద్యోగం. చెప్పడం వరకే. పని ఆపించాలన్నా, మనుషుల్ని కదిలించాలన్నా రెసిడెంట్ ఇంజనీరు సంతకం పడాలి. సైట్లో అందరూ ఆయన్ని ఆర్.ఇ. అనేవారు. జోర్డాన్ దేశస్థుడు, మంచి మర్యాదస్థుడు, రుజువు చూపనిదే కనుబొమ కూడా ఎత్తని మనిషి. ఆయనకు నేనిచ్చేది సలహా, కాంట్రాక్టరుకు ఆయనిచ్చేది ఆజ్ఞ. ఈ తేడా ఎంత పెద్దదో ఆ వేసవిలోనే నాకు పూర్తిగా తెలిసింది.

మా రోడ్డు ఒకచోట వాదీ పక్కగా పోతుంది. వాదీ అంటే వానొస్తే తప్ప నీళ్ళుండని ఏరు. దానికి పడమట నిటారుగా సున్నపురాయి కొండ. నేను పుట్టింది కడప జిల్లాలో. నాపరాళ్ళు, సున్నపురాళ్ళ మధ్యే పెరిగాను కాబట్టి కొండల్ని చూసి నోరు తెరిచే రకం కాదనుకునేదాన్ని. ఈ కొండ ముందు మాత్రం మొదటిరోజే నోరు తెరిచాను. చెట్టు లేదు, గడ్డి లేదు. పొరలన్నీ పైకి లేచి మెలితిరిగి, భూమి లోపలి సంగతంతా బయటపెట్టుకుని నిలబడింది.

ఆ కొండ కిందే కాంట్రాక్టరు రేకుల షెడ్డు వేశాడు. వేసవి నెలల్లో మధ్యాహ్నం ఓ మూడు గంటల సేపు బయట పని చేయించకూడదని అక్కడ నియమం. ఆ మూడు గంటలూ కూలీలు షెడ్డులో తిని పడుకుంటారు. ఒంటిగంట దాటితే కొండ నీడ కూడా షెడ్డు మీద పడుతుంది. ఆ ఎండలో ఆ నీడ విలువ ఏసీ గదుల్లో కూర్చుని రిపోర్టులు రాసేవాళ్ళకు తెలియదు. షెడ్డు అక్కడ వేసినందుకు నేను కాంట్రాక్టరును తప్పుపట్టలేదు. వేసేనాటికి కొండ గట్టిగానే ఉంది.

అయితే షెడ్డుకు సరిగ్గా పైన, చాలా ఎత్తులో, లారీ అంత బండ ఒకటి ఉంది. దానికీ కొండకూ మధ్య నిలువుగా ఒక పాత పగులు. నేను రాకముందు, శీతాకాలంలో తాళ్ళతో దిగే పనివాళ్ళు వదులు రాళ్ళు రాల్చడానికి వచ్చినప్పుడు, మా సంస్థవాళ్ళు ఆ పగులుకు అడ్డంగా జిప్సం పట్టీ ఒకటి వేయించారు. అరచేయంత పట్టీ. దాని మీద ఎర్ర రంగుతో తేదీ రాయించారు. జిప్సం సాగదు. రాయి వెంట్రుకవాసి కదిలినా పట్టీ చిట్లుతుంది. పట్టీ బాగుంటే కొండ నిద్రపోతున్నట్టు, చిట్లితే లేచినట్టు. యంత్రాలు ఎన్ని వచ్చినా ఈ పద్ధతిని ఎవరూ వదల్లేదు. నేనూ వదల్లేదు.

జూన్‌లో పక్క మలుపు దగ్గర బ్లాస్టింగ్ మొదలైంది. నాలుగైదు రోజులకు మల్లేశం నా క్యాబిన్‌కు వచ్చాడు. అతనిది జగిత్యాల వైపు. షెడ్డులో పడుకునే గ్యాంగుకు ఫోర్‌మ్యాన్.

"మేడం, రేకుల మీద సిన్న సిన్న రాళ్ళు పడుతున్నయ్. మావోళ్ళు కండ్లు మూస్తలేరు. జర సూడుండ్రి" అన్నాడు.

"షెడ్డు మార్పిస్తే?" అని అడిగాను.

"యాడికి మారుస్తరు మేడం? అవుతల మొత్తం ఎండనే. పోయిన వారం రాజన్న ఎండకే కిందవడ్డడు, దవాఖాన్లకెల్లి నిన్ననే వచ్చిండు. రాళ్ళ కింద పండుమంటరా, ఎండల మాడుమంటరా, మీరే చెప్పుండ్రి."

ఆర్.ఇ. దగ్గరికి వెళ్తే ఆయనా ఇదే మాట మరోలా అన్నారు. అనుమానం మీద మనుషుల్ని నీడలోంచి ఎండలోకి తోసి, రేపు ఎవరికైనా వడదెబ్బ తగిలితే అది కూడా తన సంతకమే అవుతుందన్నారు. మస్కట్‌లోని ఘాలా నుంచి కూలీలను తెచ్చే కంపెనీ బస్సుల్ని మధ్యాహ్నం ఇక్కడే ఆపి, ఏసీ వేసి అందులో పడుకోబెట్టవచ్చు. కానీ ఆ బస్సులకు ఆ వేళ వేరే సైట్ల డ్యూటీ ఉంది. ఆపాలంటే లిఖితపూర్వకమైన ఆజ్ఞ కావాలి, దానికి కారణం కావాలి. పట్టీ చిట్లిందని చూపిస్తే ఆ గంటలోనే సంతకం పెడతానన్నారు. న్యాయమైన మాటే. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

చూపించడం ఎలా? కదులుతోందేమోనని అనుమానం ఉన్న బండ మీదికి మనిషిని దించకూడదు. సర్వే వాళ్ళ దూరదర్శిని యంత్రం కాలిబ్రేషన్‌కు, అంటే కొలతలు సరిచూడటానికి, వెళ్ళింది. సైట్ డిజిటల్ కెమెరాతో వాదీ అవతలి గట్టు నుంచి ఫోటో తీస్తే పట్టీ బియ్యపు గింజంత కూడా లేదు. పెద్దది చేస్తే తెల్లటి గళ్ళు కనిపించాయి, అంతే.

అప్పుడు కల్పించుకున్నారు సూర్యనారాయణగారు. మా సీనియర్ సర్వేయరు. కాకినాడ మనిషి, ఒమాన్‌లో రోడ్లు లేనప్పటి నుంచి ఉన్నవారు. ఫిల్ము కెమెరాల కాలంలో సైట్ ఫోటోలన్నీ ఆయనే తీసేవారట. ఆ కథలు మాకు రోజూ టీతో పాటు ఉచితం. ఘాలాలో తన రూమ్‌లో ఒక పాత పెద్ద లెన్స్ ఉందని, లుంగీలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచానని చెప్పారు.

"ఆ ఫిరంగి ఇప్పటి కెమెరాకు ఎక్కుతుందా?" అని ఎగతాళి చేశాను.

"చిన్నచూపు చూడకండి మేడం గారూ. ఎక్కించే పూచీ నాదండి. చూసే పూచీ దానిదండి" అన్నారాయన.

ఎక్కించడం తేలిక కాదు. పాత లెన్స్‌ది మర, బుడ్డి మూతలా తిప్పి బిగించాలి. కొత్త కెమెరాది గాడి, పెట్టి ఒక్కసారి మెలితిప్పాలి. పైగా లెన్స్ వెనక భాగానికీ, లోపల బొమ్మ పడే ఫిల్ముకో సెన్సర్‌కో మధ్య ఉండే దూరం పాత కెమెరాలో ఒకటి, కొత్తదాంట్లో ఒకటి. అదృష్టం కొద్దీ కొత్తదాంట్లో రెండు మిల్లీమీటర్ల లోపు తక్కువ. ఆ సందులో ఒక ఉంగరం పడుతుంది. ఘాలా గ్యారేజీల్లో లోహం చెక్కే లేత్ యంత్రం మీద పనిచేసే ఒక పంజాబీ ఉస్తాద్ చేత సూర్యనారాయణగారు అది చేయించారు. కెమెరా నోటికి పెట్టే మూత మధ్యలో కోసి, దానికి మర ఉన్న అల్యూమినియం ఉంగరం బిగించాడతను. మందం ఎక్కువైతే దూరపు వస్తువులు ఎప్పటికీ స్పష్టంగా రావు కాబట్టి, కొంచెం పలచగానే తీయమని ఈయన చెప్పారట. అది సరైన జాగ్రత్తే. మా చిక్కు కూడా అక్కడి నుంచే మొదలైంది.

మర్నాడు పొద్దున వాదీ అవతలి గట్టు మీద సర్వే స్టాండు నిలబెట్టి కెమెరా బిగించాం. లెన్స్‌ను కెమెరా గుర్తించలేదు. ఎపర్చరు, అంటే వెలుతురు దూరే కంత, సున్నా అని చూపించింది. వెలుతురు ఎంత, షట్టర్ ఎంత అన్నవన్నీ చేత్తో సరిచేసుకోవాలి. ఫోకస్ కూడా చేత్తోనే. సూర్యనారాయణగారు లెన్స్ ఉంగరాన్ని ఒక్క ఊపున చివరికంటా తిప్పి, టక్కున ఆపి, ఫోటోలు తీశారు. ఆ చివరన పడుకోబెట్టిన ఎనిమిది అంకె చెక్కి ఉంటుంది. అనంతం అని దానికి అర్థం, ఎంత దూరపు వస్తువైనా స్పష్టంగా వచ్చే చోటు. ఫిల్ము కాలంలో కొండలు, భవనాలు, ఆకాశం ఏది తీయాలన్నా ఉంగరాన్ని అక్కడికి కొట్టి వదిలేసేవారు. అద్దంలోంచి సరిచూడాల్సిన పనే లేదు.

"ఒకసారి చూసుకోండి" అన్నాను.

"చూసేదేముందండీ? అనంతం ఎక్కడుందో నా వేళ్ళకు తెలుసు."

ఆఫీసుకు వచ్చి కంప్యూటర్లో తెరిచాం. ఇంతకుముందు బియ్యపు గింజగా ఉన్నది ఇప్పుడు అట్టముక్కంత ఉంది. కానీ మంచులోంచి చూసినట్టు అలుక్కుపోయింది. పట్టీ ఉందని తెలుస్తోంది, చిట్లిందో లేదో తెలియదు. ఆర్.ఇ. తల అడ్డంగా ఊపారు. ఆ మధ్యాహ్నం కూడా మల్లేశం గ్యాంగు షెడ్డు కిందే పడుకుంది. నేను వెళ్ళి షెడ్డు బయట నిలబడ్డాను. రేకుల మీద టిక్కుమని ఏదో పడింది. లోపల ఎవరో లేచి కూర్చుని, పైకి చూసి, మళ్ళీ పడుకున్నారు.

సాయంత్రం సూర్యనారాయణగారు కళ్ళజోడు తుడుచుకుంటూ లెన్స్‌కు బూజు పట్టినట్టుందని, వయసైపోయిందని గొణిగారు. లెన్స్‌ను దీపానికి అడ్డం పెట్టి చూశాను. గాజు నీళ్ళలా ఉంది. మరి తేడా ఎక్కడ? ఉస్తాద్ చేసిన ఉంగరం పలచన. అంటే లెన్స్ సెన్సర్‌కు ఉండాల్సినదానికంటే దగ్గరగా కూర్చుంది. అలాంటప్పుడు చెక్కిన గుర్తు దగ్గర అనంతం ఉండదు. అంతకంటే ముందే వచ్చి వెళ్ళిపోతుంది. ఆయన చెయ్యి పాత కెమెరా అలవాటుతో దాన్ని దాటిపోయింది. ఈ మాట చెబితే ఆయన లెన్స్ అందుకుని, దాని ఉంగరాన్ని చివరికంటా తిప్పి, మళ్ళీ కాస్త వెనక్కి తిప్పి చూసుకున్నారు. తరువాత, "అయితే రేపు మీరు తిప్పండి" అన్నారు. ఆయన అన్న మాటలన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇదే.

మర్నాడు ఎండ ముదరకముందే వెళ్ళాం. ఎండ ముదిరితే వాదీ రాళ్ళ మీంచి వేడి లేచి దృశ్యమంతా వణుకుతుంది. ఆ కెమెరాకు వెనక తెర మీదే దృశ్యం చూపించే సదుపాయం ఉంది, అందులో ఒక ముక్కను పదింతలు పెద్దది చేసి చూడవచ్చు. లెన్స్ ఉంగరాన్ని గుర్తు దాకా తిప్పాను. మసక. అక్కడి నుంచి గోరంత వెనక్కి తిప్పాను.

కొండ తెర మీదికి వచ్చింది.

ఇంకోలా చెప్పడం నాకు చేతకావడం లేదు. రాతి పొరలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఒక నెర్రెలో పిచ్చుకంత పిట్ట కూర్చుని రెక్క సవరించుకుంటోంది. దాని నీడ రాయి మీద కదిలింది. నేను మామూలు కంటితో కొండ వైపు చూశాను. అంత దూరంలో పిట్ట కాదు కదా, నెర్రె కూడా కనబడలేదు. మళ్ళీ తెర వైపు చూశాను. పిట్ట అక్కడే ఉంది. డిజిటల్ అనే మాట పుట్టని రోజుల్లో ఎవరో గాజును అరగదీసి, మెరుగుపెట్టి, గొట్టంలో పేర్చారు. తమకు తెలియని కెమెరా వెనక, తాము చూడని కొండ ముందు, అది ఇంత నిజాయితీగా చూస్తోంది. పైగా ఫిల్ము గడి కంటే సెన్సర్ చిన్నది కాబట్టి అంచులు కోతపడి, గాజు మధ్య భాగం చూపేదే తెర నిండుతుంది. ఆ లెన్స్ తన సొంత కెమెరా మీద కూడా ఇంత దగ్గరగా చూపి ఉండదు.

కెమెరాను మెల్లగా పక్కకు జరిపాను. పట్టీ వచ్చింది. ఎర్ర రంగు తేదీ చదవగలిగేంత స్పష్టంగా ఉంది. నెలకూ సంవత్సరానికీ మధ్య, పై నుంచి కింది దాకా, సన్నటి నల్లటి గీత. గీతకు కుడివైపు అంకెలు ఎడమవైపు అంకెల కంటే కాస్త కిందికి దిగి ఉన్నాయి. పట్టీ చిట్లడమే కాదు, బండ కిందికి జారడం మొదలుపెట్టింది.

వేలు తగిలినా అంత పెద్ద లెన్స్ అదురుతుంది కాబట్టి బటన్ నొక్కలేదు. టైమరు పెట్టి స్టాండుకు దూరంగా జరిగాను. సూర్యనారాయణగారు తెర దగ్గరికి వంగి చూసి, "అమ్మ బాబోయ్" అన్నారు. తన లెన్స్ గొప్ప గురించి ఒక్క మాట అనలేదు.

ఆర్.ఇ. ఫోటో చూసి లేచి నిలబడ్డారు. ఆ గంటలోనే ఆజ్ఞ వెళ్ళింది. షెడ్డు మూత, కొండ కింద రాకపోకలు బంద్, బస్సులు మధ్యాహ్నమంతా వాదీ అవతలే ఉండాలి. గ్యాంగులో కొందరు గొణుగుతూనే బస్సెక్కారు. సీట్లలో కాళ్ళు చాపుకోవడానికి లేదని, షెడ్డే నయమని.

వారం తిరక్కముందే, ఒక మధ్యాహ్నం, నేను బస్సుల పక్కన నిలబడి ఉండగా కొండ కదిలింది. ముందు శబ్దం రాలేదు. బండ తాపీగా, పెద్దమనిషి కుర్చీలోంచి లేచినట్టు ముందుకు వంగింది. తరువాత కాళ్ళ కింద నేల అదిరింది. ఆ తరువాతే శబ్దం. దుమ్ము వాదీ దాటి మా మీదికి వచ్చింది. అది తగ్గేసరికి షెడ్డు ఉన్నచోట రేకు ముక్క కూడా పైకి కనబడలేదు. భయమో భక్తో తెలియదు, నేను అలా నిలబడిపోయాను. అంత పెద్దది మాకు ముందుగా ఒక సన్నటి గీతంత కబురు పంపింది.

మల్లేశం బస్సు మెట్ల మీద నిలబడి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. అందరూ అతని కళ్ళ ముందే ఉన్నారు. అయినా ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. ఒక్కొక్కరూ "ఉన్న" అన్నారు. రాజన్న వెంటనే పలకకపోతే మల్లేశం గొంతు చించుకుని అరిచాడు. చివరి సీట్లోంచి "ఉన్ననే అన్నా, ఉన్న" అని వినబడ్డాక మెట్ల మీదే కూలబడ్డాడు.

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా, ఒక యంత్రానికి చేసిన భాగాన్ని ఇంకో యంత్రానికి బిగించిన ప్రతిసారీ, దాని మీద చెక్కిన గుర్తుల్ని లేనట్టే లెక్కగట్టాను. గుర్తు అబద్ధం చెప్పదు, కానీ అది చెప్పేది తన పాత ఇంటి సంగతి. నా కింద చేరిన ఇంజనీర్లందరికీ ఈ ముక్క మొదటిరోజే చెప్పేదాన్ని: గుర్తు చూసి ఆపకండి, కొండను చూసి ఆపండి.