గుమ్మం నుంచి గుమ్మానికి

వెంకటప్పయ్య చివరిగా చేసిన పని, భార్య చేతిలోని ఫోన్‌ని వెక్కిరించడం. పటమటలో వాళ్ల ముందుగదిలో, ఇంకా బనీను మీదే, కాఫీ గ్లాసు పట్టుకుని.

"రాజ్యశ్రీ గృహప్రవేశానికి విమానంలో వెళదామండీ," అంది చౌడేశ్వరి. "ఇక్కణ్ణుంచి అహ్మదాబాదు పదకొండొందల కిలోమీటర్లేనంట. గంటా యాభై నిమిషాలు!"

"గాల్లో గీత గీస్తే అంతే. మా చెల్లెలు గాల్లో కాపురం పెట్టిందా?"

తన మాటకి తనే నవ్వి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు. మళ్లీ లేవలేదు.

ముప్ఫై ఏళ్లు లారీ పార్సిల్ ఆఫీసులో గుమాస్తా ఆయన. లారీ బయల్దేరిన టైము ఆయనకి లెక్కలోకే రాదు. చీరల మూట షాపువాడి చేతికందేదాకా ఫోన్లు చేసి, ఆ గంటే రాసుకునేవాడు. "దారిలో ఉందండీ" అనేవాళ్లంటే ఒళ్లుమంట. చెల్లెలు రాజ్యశ్రీ "రెండు గంటల్లో వాలిపోతా అన్నయ్యా" అన్నప్పుడల్లా, "నువ్వూ మా లారీ డ్రైవరూ ఒకటే" అనేవాడు.

కబురు తొమ్మిదిన్నరకి అందింది. ఏడుస్తూ కూడా రాజ్యశ్రీ పాతమాటే అంది. "రెండు గంటల్లో వచ్చేస్తా. నేను చూడకుండా ఎత్తకండి."

ఆ మాట దొరికింది వాళ్ల పెదనాన్న సంజీవరావుకి. విమానాన్ని కంకిపాడు చేలల్లోంచి తలెత్తి చూడ్డమే తప్ప ఎక్కి ఎరగని ఆ పెద్దమనిషి, చౌడేశ్వరి ఫోన్ మీద వేలు పెట్టి తీర్పు చెప్పాడు. "గంటా యాభై నిమిషాలు. నాలుగింటికల్లా దిగుతుంది. ఐదింటికి ఎత్తేద్దాం. పొద్దుగూకితే దహనం చెయ్యకూడదు."

టిక్కెట్టు దొరికింది ఒంటిగంట విమానానికి. అది మధ్యలో మారాలి. నాలుగింటికి రాజ్యశ్రీ ఏదో ఊరి ఎయిర్‌పోర్టులో, రెండో విమానం కోసం ఇనప కుర్చీలో కూర్చుని ఉంది.

"పెదనాన్నా, ఐసు పెట్టెలో రేపు తెల్లారేదాకా ఉంచండి," అంది ఫోన్లో.

"గంటా యాభై నిమిషాల దూరానికి తెల్లారాలా అమ్మా? రావాలనుంటే ఈపాటికి వచ్చేదానివి."

చుట్టూ కూర్చున్న చుట్టాలంతా తలలూపారు. బస్టాండు నుంచి ఆటోలో రావడానికి గంట పట్టిందని అంతకుముందే సణిగిన చుట్టాలు! తోడబుట్టినవాడి మీద ఆమెకున్న ప్రేమని నిమిషాల్లో తూచేశారు.

ఆమె ఎనిమిదింటికి గుమ్మం ముందు దిగింది. అప్పటికి వాకిలి కడిగేశారు. చుట్టాలు గడియారం కేసి చూశారు. తర్వాత ఆమె కేసి చూశారు.

పదకొండో రోజు చౌడేశ్వరి భర్త ఆఫీసు చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఆడపడుచు చేతిలో పెట్టింది. మూటల వివరాల మధ్య ఒక పేజీలో ఉంది: "చెల్లి. వాళ్ల గుమ్మం నుంచి మన గుమ్మానికి. పదిన్నర గంటలు. పదకొండు. పదిన్నర." ఆమె విమానంలో వచ్చిన మూడుసార్లూ.

ఆ చొక్కా, ఆయన పోయిన రోజంతా సంజీవరావు కూర్చున్న కుర్చీ వెనక, మేకుకే వేలాడుతూ ఉంది.