అడిగిన గొంతు

ఆమధ్య విజయనగరం నుంచి ఒకమ్మాయి ఫోను. మా గైడుగారికి సన్మానమట, పాత శిష్యురాలిగా నేను రెండు మంచి మాటలు చెప్పాలట. "తప్పకుండా వస్తానమ్మా" అన్నాను. ఆ పిలుపు కోసం నేనెన్నేళ్ళుగా కాచుకుని ఉన్నానో పాపం ఆ పిల్లకేం తెలుసు!

భాషాశాస్త్రంలో పరిశోధనకి చేరిన ఏడాది, వేసవంతా కోటబొమ్మాళిలో మా అమ్మమ్మ ఎదురుగా టేపురికార్డరు పెట్టుకుని కూర్చున్నాను. మా వైపు మాటని ఉన్నదున్నట్టు పట్టుకోవాలని నా యావ. ఊడుపుల సంగతి అడిగితే ఆవిడ వియ్యపురాలి పిసినారితనం దాకా వెళ్ళి, తీరిగ్గా ఊడుపులకి తిరిగొచ్చేది. అరుగు మీద ఎండుచేపల వాసన, మధ్యమధ్యలో కోళ్ళకి తిట్లు. అంతా రాసి గైడుగారి చేతిలో పెట్టాను. మా వృత్తిలో ఒక ఆనవాయితీ ఉంది: రాసేటప్పుడు చెప్పినవాళ్ళ మాటలే ఉంచి, అడిగినవాళ్ళ మాటలు తీసేస్తాం. ఆయనకి అదే కలిసొచ్చింది. మరుసటేడు అమ్మమ్మ మాటలన్నీ ఆయన పేరుతో పుస్తకమై వచ్చాయి. ముందుమాటలో ఆ అరుగు మీద కూర్చున్నది ఆయనే, అంబలి తాగిందీ ఆయనే. నిలదీస్తే, "అడిగిందెవరైతే ఏమిటమ్మా, భాష ముఖ్యం" అన్నారు. నా పట్టా ఆయన సంతకం మీద ఆధారపడి ఉంది. కడుపు మండిపోతున్నా నోరు మూసుకున్నాను. క్యాసెట్లు మాత్రం పెట్టె అడుగున దాచాను.

సభలో అందరూ ఆ పుస్తకాన్నే పొగిడారు. నా వంతు రాగానే, క్యాసెట్టు నుంచి ఫోనులోకి ఎక్కించుకున్న రికార్డింగు పెట్టి, దాన్ని మైకుకి ఆనించాను. అమ్మమ్మ గొంతు వినబడగానే గైడుగారు శాలువా సర్దుకుని, కళ్ళు మూసుకుని తలూపారు. అంతలో టేపులో అమ్మమ్మ మాట నావైపు తిరిగింది.

"ఒసే గుంటా, ఆ డబ్బా ఆపీసి అంబలి తాగే. ఎండన పడి వొచ్చినావు. మీ మేస్టారేరే? ఆయన రారేటి?"

"రారమ్మమ్మా. పల్లెటూరి నీళ్ళు ఆయనకి పడవట." అది నా గొంతే, పడుచు గొంతు.

"నీళ్ళు పడవు గానీ మన మాటలు పడతాయేటి?"

సభ గొల్లున నవ్వింది. గైడుగారు కళ్ళు తెరిచారు గానీ నావైపు చూడలేదు. జాలిపడదామని చూశాను, జాలి రాలేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

రోజులు గడిస్తే కోపం పోతుందంటారు. అమ్మమ్మ పోయింది, ఆ అరుగు పోయింది, నా జుట్టులో నలుపూ పోయింది. ఆ కోపం ఒక్కటే ఎటూ పోకుండా నా దగ్గరే ఉండి, ఆవేళ ఆవిడ చేత మళ్ళీ మాట్లాడించింది.