కాయ కోసి చూడమన్న మాస్టారు

మా సైన్సు మాస్టారు పోయారని మొన్న పొద్దున వాట్సాప్ గ్రూపులో చూసి నేను నమ్మలేదు. పోయినేడాది కూడా ఎవరో ఇలాగే పెట్టారు. ఆ సాయంత్రమే ఆయన నా మామిడికాయల కొట్టుకు వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "పోయానటగా, దండ ఏదయ్యా?" అన్నారు. అందుకే ఈసారి వాళ్ళమ్మాయికి ఫోన్ చేశాను. "ఈసారి నిజమే అన్నయ్యా" అంది.

మీలో ఆయన దగ్గర చదివినవాళ్ళకు తెలుసు, నూజివీడు మొత్తానికి అంత అనుమానం మనిషి లేరు. ట్రేలో పై వరుస చూసేవారు కాదు, అడుగు వరుస తీయించేవారు. ముచ్చిక దగ్గర వాసన చూసి, "కార్బైడ్ వేశావా?" అనేవారు. "మీ దగ్గర చదువుకున్నవాణ్ణండీ" అంటే, "అందుకే అడుగుతున్నా" అనేవారు.

ఆయనకు పేగులో కేన్సర్ అని తెలిసిన వేసవిలోనే మా ఆవిడకు రొమ్ములో గడ్డ తగిలింది. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు డాక్టరు. సూది పెడితే గడ్డ కదిలి ఒళ్ళంతా పాకుతుందని మా వాళ్ళందరూ భయపెట్టారు. ఎవరో పసరు కట్టు వేస్తారంటే అక్కడికే వెళ్దామనుకున్నాం. రెడ్డిగూడెం నుంచి వచ్చిన కాయల లాట్ ముందు కత్తి పట్టుకుని కూర్చుని, ఈ సంగతే మాస్టారికి చెప్పాను.

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ఒంట్లో కణాలకు పి53 అని ఒక ప్రోటీన్ కాపలా ఉంటుందయ్యా. కణం రెండుగా చీలే ముందు లోపల డీఎన్ఏకి దెబ్బ ఉంటే ఆపేస్తుంది. బాగయ్యేదైతే బాగయ్యాక వదుల్తుంది. కాదంటే ఆ కణాన్ని చచ్చిపొమ్మంటుంది. నీ దగ్గర మచ్చకాయలు ఏరి పక్కన పెట్టే మనిషి లాగా."

"ఆ మనిషినే ఎవడైనా కొనేస్తేనండీ?"

"కొనక్కర్లేదు. ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువుకే దెబ్బ తగిలితే చాలు. ఆపేవాడుండడు, చెడ్డ కణాలు పెరుగుతూ పోతాయి. నా కణితిలో అదే జరిగిందట."

మా ఆవిడ టీ గ్లాసు ఆయన చేతికిస్తూ, "మరి నాకేంటండీ మాస్టారూ?" అంది.

"నాకు తెలియదమ్మా. పైనుంచి నొక్కి చూస్తే ఎవరికీ తెలియదు. మీ ఆయన చేతిలో కత్తి ఎందుకుందో అడుగు."

లాట్ బేరం ఆడే ముందు మేం ఒక కాయ కోస్తాం. టెంక ముదిరిందా, కండ రంగు తిరిగిందా చూస్తాం. రైతు ఒట్టేసినా సరే, కోయకుండా కొనం.

నేను ఇంకా తేల్చుకోలేదని ఆయనకు అర్థమైంది. "ల్యాబ్ వాళ్ళు నాకు కమీషన్ ఇస్తున్నారనుకుంటున్నావు కదూ?"

"ఇస్తున్నారాండీ?"

"లేదు. ఇంకో డాక్టర్నీ అడుగు. అనుమానం ఉండాల్సిందే. కానీ అది పరీక్ష దాకా వెళ్ళాలయ్యా, ఇంట్లో కూర్చోకూడదు."

రెండో డాక్టరూ అదే చెప్పారు, సూది పెడితే గడ్డ పాకదని కూడా అన్నారు. సూది పెట్టారు. కేన్సరే, కానీ చిన్నదిగా ఉండగానే దొరికింది. ఆపరేషన్, కీమో అన్నీ అయ్యాయి. మాస్టారు తన కీమో నుంచి వస్తూ కొట్టు ముందు ఆటో ఆపించి, "అమ్మాయ్, జుట్టు ఎవరికి ముందొస్తుందో చూద్దాం" అనేవారు. మా ఆవిడకే ముందొచ్చింది.

మొన్న ఆయన్ని సాగనంపి వచ్చేసరికి ఒక రైతు చిన్న రసం కాయల ట్రేలు దించి కూర్చున్నాడు. "తెలిసినవాళ్ళమే కదా, ఇవాళ్టికి కోయక్కర్లేదులే అన్నయ్యా" అన్నాడు. నాకూ ఓపిక లేదు, సరే అనబోయాను. మా ఆవిడ ట్రే అడుగు వరుసలోంచి ఒక కాయ తీసి, కత్తితో పాటు నా చేతిలో పెట్టింది.

కోశాను. అందులో ఒక చెక్క తీసుకెళ్ళి ఆమె మాస్టారు కూర్చునే ఆ ఖాళీ కుర్చీలో పెట్టింది.