సర్కస్ వంటడేరాలో మా చెల్లెలు

గాలివానలో, తడిసిన కట్టెలతో, మూడు రాళ్ళ పొయ్యి మీద డెబ్బై మందికి అన్నం మాడకుండా వండి పెట్టడం మా చెల్లెలు కష్టపడి సాధించిన మొదటి విజయం. అప్పటికి ఆమెకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మా బావగారు సర్కస్‌లో డేరాలు కట్టించే మేస్త్రీ. ఆ సాయంత్రం అక్కడి వంటవాడు యజమానితో మాటామాటా పెంచుకుని, గరిటె విసిరేసి వెళ్ళిపోయాడు. మగవాళ్ళంతా ఎగిరిపోతున్న డేరా తాళ్ళకు వేలాడుతున్నారు. మా చెల్లెలు చిరిగిన కాన్వాసు గుడ్డను గాలికి అడ్డం కట్టించి, గుర్రాల కొట్టంలోని ఎండుగడ్డి తెచ్చి నిప్పు రాజేసింది. ఆ రాత్రి ఆట ఆగింది గానీ భోజనం ఆగలేదు. మర్నాడు యజమాని వచ్చి, "ఈ పూటకి నువ్వే కానియ్యమ్మా, రేపటికి ఎవర్నైనా చూస్తాను" అన్నాడు. ఆ రేపు ఇరవయ్యారేళ్ళయినా రాలేదు.

మా వంశంలో ఇన్ని దేశాల వాళ్ళకు అన్నం పెట్టిన మనిషి ఇంకొకరు లేరని నేను ఎక్కడైనా చెప్పగలను. సర్కస్ అంటే ఒక దేశం మనుషులు కారు. సైకిలు ఆట అన్నదమ్ములకు తిండితో పాటు వేడినీళ్ళే కావాలి, చన్నీళ్ళు చూస్తే జలుబు చేసినట్టు ముఖం పెడతారు. గుర్రాల మీద నిలబడే ఆవిడ పొద్దున్నే చల్లటి మాంసం ముక్కలు, చల్లటి పాలు తీసుకుంటుంది. కత్తులు విసిరే ఆయన టీలో ఉప్పు వేసుకుంటాడు. అందులో పాలు పోస్తే కప్పు పక్కకు నెట్టేస్తాడు. ఒకరు సూపు తాగి భోజనం మొదలుపెడతారు, ఇంకొకరు సూపు తాగి ముగిస్తారు. మా చెల్లెలు ఇవన్నీ నేర్చుకుంది. నేర్చుకున్నానని చెప్పుకోవడం కూడా నేర్చుకుంది. "నా పొయ్యి దగ్గరికి వచ్చి ఆకలితో లేచినవాడు ఇంతవరకు పుట్టలేదు" అనేది. బావగారు, "పుట్టినవాళ్ళెవరూ నీకు ఎదురుచెప్పే ధైర్యం చెయ్యలేదు, అంతే" అనేవారు. ఆయనకు ఆ పూట అడుగంటిన కూరే దక్కేది.

ఆమె చేసిన ఘనకార్యాలు రాస్తే చాలా ఉన్నాయి. ఒకసారి ఊళ్ళో రొట్టెలు దొరక్కపోతే, నూనె డబ్బా కోయించి, మట్టి పూయించి, బట్టీ తయారు చేసింది. గుర్రాల ఆవిడకు జ్వరం వస్తే ఆమె నోటికి ఏ రుచి హితవో వచ్చీరాని మాటలతోనే రాబట్టి వండి తినిపించింది. అయితే వీటన్నిటికంటే పెద్దది నేను కళ్ళారా చూసిందే.

పోయిన ఏడాది మోకాలి నొప్పికి నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుందామని చెల్లెలి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళిన పూటే నా ముందు ఉల్లిపాయల బస్తా పడేసింది. "మోకాలికి కదా నొప్పి, చేతులకేమైంది అన్నయ్యా" అంది. అలా వంటడేరాలో బల్ల చివర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ జరిగిందంతా చూశాను.

ఆ సర్కస్‌కు ప్రాణం ఉయ్యాల ఆట. డేరా పైకప్పు కింద ఒక పిల్ల ఉయ్యాల ఊగుతూ వచ్చి, చేతులు వదిలేసి గాలిలోకి ఎగురుతుంది. ఎదుటి ఉయ్యాలకు తలకిందులుగా వేలాడుతున్న మనిషి ఆమెను పట్టుకుంటాడు. ఇంతకుముందు ఆ పిల్లను పట్టుకునేవాడు ఆమె సొంత అన్న. అతని భుజం దెబ్బతిని ఇంటికి వెళ్ళిపోయాడు. అతని స్థానంలో నెల కిందట వేరే దేశం నుంచి కొత్త మనిషి వచ్చాడు. రోకళ్ళలాంటి చేతులు, నోట్లో మాట లేదు. భోజనానికి వచ్చి, తలెత్తకుండా తిని, పళ్ళెం తనే కడిగి, వెళ్ళిపోతాడు. మా చెల్లెలు అతనికి మౌనస్వామి అని పేరు పెట్టింది.

సాధన చూడ్డానికి వెళ్ళాను. పిల్ల ఊగింది, ఊగింది, వదలాల్సిన చోట వదల్లేదు. వెనక్కి ఊగిపోయి, తను బయల్దేరిన పలక మీదే నిలబడింది. మళ్ళీ అంతే. మౌనస్వామి తలకిందులుగా, చేతులు చాచి, అలాగే ఊగుతున్నాడు.

"రోజూ ఇదే తంతు మావయ్యా" అన్నాడు పక్కనున్న జోకరు. ఇతను అన్ని దేశాల మాటలూ కాస్తో కూస్తో పట్టుకున్నవాడు. మా చెల్లెల్ని పిన్నీ అంటాడు కాబట్టి నన్ను మావయ్యను చేశాడు. "ఆదివారం ఆటలో కూడా పిల్ల చెయ్యి వదలకపోతే సోమవారం వాణ్ణి బండెక్కించేస్తానన్నాడు యజమాని."

"వేరే సర్కస్ చూసుకోలేడా?"

"ఎగిరే పిల్ల నమ్మలేదని పేరు పడ్డాక ఎవడు తీసుకుంటాడు? నాలాగా ముక్కుకి రంగు పూసుకోవాలి. ఆ మొహానికి ఎవరూ నవ్వరు కూడా."

ఆ మధ్యాహ్నం పిల్ల వంటడేరాలోకి వచ్చి పిండి డబ్బా మీద కూర్చుంది. పరదేశపు పిల్లే అయినా రెండేళ్ళుగా ఇక్కడే ఉంటోంది కాబట్టి మన మాట బాగానే వచ్చు.

"ఏమే, వాడి చేతులు బాలేవా?" అని అడిగింది మా చెల్లెలు.

"చేతులు బాగానే ఉన్నాయి అక్కా. మనిషే." పిల్ల ఒళ్ళో పడ్డ పిండి దులుపుకుంది. "వచ్చిన రోజు నా రొట్టె విరిచి సగం ఇచ్చాను. మా ఇంట్లో కొత్త మనిషికి అలాగే ఇస్తాం. చేతిలోంచి చేతిలోకి. అది తీసుకుంటే మనవాడు. అతను తల అడ్డంగా ఊపి, పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. అందరి ముందూ."

"ఆకలి లేదేమో."

"తర్వాత బుట్టలోంచి నాలుగు రొట్టెలు తిన్నాడు. నా చేతి రొట్టె అందుకోనివాడు, అంత ఎత్తులో నా చెయ్యి అందుకుంటాడని ఎలా వదలను?"

మాట చాలని చోట మా చెల్లెలు ఊరుకోదు, పని మొదలుపెడుతుంది. ఆ రాత్రి ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మెత్తటి రొట్టె కాల్చి పిల్ల చేతికిచ్చింది. "ఇస్తుంది, తీసుకోమను" అంది జోకరుతో. జోకరు చెప్పాడు. మౌనస్వామి చెవులదాకా ఎర్రబడి, ఉన్నది ఉన్నట్టు వదిలేసి లేచిపోయాడు. పిల్ల రొట్టెను బల్ల మీద పెట్టేసి ఇంకో వైపు నుంచి వెళ్ళిపోయింది.

"వినపడలేదా వాడికి?" అంది చెల్లెలు.

"వినపడింది పిన్నీ. అదే ఇబ్బంది."

"అయితే వాణ్ణి బండెక్కించడమే మంచిది. పెట్టింది తీసుకోని మనిషికి నేనేం చెయ్యను" అని గిన్నెలు ధడేలుమని సర్దింది. ఆ రాత్రి ఆమె ఓడిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు టీలయ్యాక కప్పులు కడుగుతోంది. ఎనామిల్ కప్పులు ఒక్కొక్కటే నీళ్ళలో ముంచుతున్నదల్లా ఒకదాని దగ్గర ఆగింది. లోపల వేలు పెట్టి చూసింది. వాసన చూసింది.

"అన్నయ్యా, ఇది మౌనస్వామి కూర్చునే చోట ఉండేది. తడి కూడా లేదు."

"టీ పడదేమో."

"పడకపోతే కప్పు ముందుకి జరిపి పెట్టుకోవడం ఎందుకు? రోజూ జరిపే పెట్టుకుంటాడు, నేను చూశాను." కప్పు చేత్తో పట్టుకుని, జోకరును వెంటబెట్టుకుని, మౌనస్వామి తాళ్ళు సరిచూసుకుంటున్న చోటికి వెళ్ళింది. ఉల్లిపాయలు వదిలేసి నేనూ వెళ్ళాను.

"టీ ఎందుకు తాగవని అడుగు."

జోకరు అడిగాడు. అతను ఒక్క మాట చెప్పాడు.

"ఎవరూ పొయ్యలేదట పిన్నీ."

"కెటిల్ వాడి ముక్కు కిందే ఉంటుంది కదరా!"

ఈసారి అతను కాస్త ఎక్కువే మాట్లాడాడు. జోకరు ముఖంలో నవ్వు పోయింది. "వాళ్ళ దేశంలో ఎవరి కప్పులో వాళ్ళు పోసుకోరట. పక్కవాడి కప్పు నువ్వు నింపాలి, నీది పక్కవాడు నింపాలి. తనది తను పోసుకునేవాడంటే ఎవరూ లేనివాడని అర్థమట. ఆ పిల్ల రోజూ ఎదురుగా కూర్చుని తన కప్పు నింపుకుని తాగుతుంది, ఇతని వైపు చూడదు. తనని మనిషిగా లెక్కెయ్యడం లేదని అనుకుంటున్నాడు."

"మరి రొట్టె?"

"ఇంకొకరి చేతిలోంచి తినేది చంటిపిల్లలూ, మంచాన పడ్డవాళ్ళూనట. అందరి ముందూ తనకి తినిపించబోయేసరికి, వీడికి చేతకాదు అన్నట్టు అనిపించిందట."

మా చెల్లెలు పక్కనున్న తాళ్ళ చుట్ట మీద కూర్చుంది. "నెల రోజులు" అంది. "నా ఎదురుగా ఒక మనిషి నెల రోజులు టీ లేకుండా లేచి వెళ్ళాడు. దేశాలన్నీ నా గుప్పిట్లో ఉన్నాయని విర్రవీగుతున్నాను."

విషయం పిల్లకు చెబితే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళు తిరిగినా పంతం పోలేదు. "సరే అక్కా, పోస్తాను. ముందు అతను రొట్టె తీసుకోవాలి." అతన్ని అడిగితే, ముందు టీ పోస్తే ఆలోచిస్తానన్నాడు. శనివారం దాకా జోకరు ఇద్దరి మధ్య తిరిగి తిరిగి, "కాళ్ళు అరిగిపోయి మరుగుజ్జునైపోతున్నాను, నా వేషం మార్చండి" అని మొత్తుకున్నాడు.

శనివారం టీ వేళకు మా చెల్లెలు ఇద్దర్నీ కూర్చోబెట్టి, పిల్ల కుడిచేతికి కెటిల్, ఎడమచేతికి సగం రొట్టె ఇచ్చింది. తను పెద్ద గరిటె పుచ్చుకుని నిలబడింది.

"పైన మీలో ముందెవరు? నువ్వు వదిలాక వాడు చెయ్యి చాపుతాడా, వాడు పట్టుకున్నాక నువ్వు వదుల్తావా?"

"రెండూ ఒకేసారి అక్కా. కేక వెయ్యగానే."

"ఇదీ అంతే. నేను పళ్ళెం మీద కొట్టగానే టీ పడాలి, రొట్టె అందాలి. వెనకాముందూ అయిందా, ఇద్దరికీ రాత్రి అన్నం లేదు. చెప్పరా వాడికి."

జోకరు చెప్పాడు. బల్లల దగ్గర నమలడం కూడా ఆగిపోయింది. గరిటె ఖంగుమంది. పిల్ల తొందరపాటుకు టీ సగం కప్పులో, సగం జోకరు చెప్పులో పడింది. మౌనస్వామి రొట్టె అందుకున్నాడు. అందుకుని ఏం చెయ్యాలో తెలియక అలాగే పట్టుకున్నాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. పిల్ల తన కప్పును నెమ్మదిగా అతని వైపు జరిపింది. అతను రొట్టె నోట కరుచుకుని, రెండు చేతులతో కెటిల్ ఎత్తి ఒక్క చుక్క ఒలకకుండా పోశాడు.

"అదీ, పొయ్యడమంటే అలాగ" అన్నాడు జోకరు చెప్పు విదిలించుకుంటూ.

టీ కాగానే ఇద్దరూ తాడు నిచ్చెన ఎక్కారు. వల కింద యజమాని నిలబడ్డాడు, పక్కన మా బావగారు తాళ్ళ మీద చెయ్యేసి ఉన్నారు. పిల్ల ఊగింది. రెండోసారి ఊగింది. కేక వినపడింది. ఆమె వదిలేసింది. ఒక క్షణం గాలిలో ఆమె ఒక్కతే ఉంది. తర్వాత చప్పట్లు చరిచినట్టు ఒక చప్పుడు, రెండు జతల చేతులు, ఒకే ఊపు. చూస్తే మా చెల్లెలు కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. "పట్టాడా?" అంది. "పట్టాడు" అన్నాను.

ఆదివారం డేరా నిండిపోయింది. సోమవారం బండి మౌనస్వామి లేకుండానే వెళ్ళింది.

ఆ ఆట పేరు దేశదేశాలకు పాకి, ఈ ఏడు వాళ్ళిద్దరికీ విదేశాల పెద్ద సర్కస్‌ల నుంచి పిలుపు వచ్చింది. మా గరిటె మనిషి లేకుండా మేం రామని ఇద్దరూ పట్టుబట్టారు. ఊరి బడి దాటి చదవని మా చెల్లెలు అలా విమానం ఎక్కింది. ఆ పిల్ల వాళ్ళింట్లో మా చెల్లెలు రొట్టె చేతిలోంచి చేతిలోకి అందుకుంది. మౌనస్వామి వాళ్ళమ్మ కెటిల్ ఎత్తే లోపే ఆవిడ కప్పు నింపి, ఆ ముసలావిడ చేత శభాష్ అనిపించుకుంది. ఇవి ఫోనులో ఆమే చెప్పింది, కాబట్టి కొంచెం ఎక్కువే అయి ఉండొచ్చు. అయినా నాకు నమ్మాలనే ఉంది. ఇక్కడ బావగారి వంట తట్టుకోలేక డేరాలో సగం మంది ఊరి హోటళ్ళ పాలయ్యారు. ఆమె వచ్చేది మార్చి పద్నాలుగో తేదీ, గురువారం ఉదయం.